మనిషిని మించిన యంత్రం: కథ రాస్తున్న అమ్మాయికి ఒక పాత రిలే ఇంజనీరు జవాబు

రాజాంలో బీటెక్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. తను ఒక కథ రాస్తోందట. 2080లో మనిషిని అన్నిట్లోనూ మించిపోయిన యంత్రం ఒకటి వస్తుంది. అది మనుషుల్ని చంపెయ్యాలా, కాపాడాలా అన్న దగ్గర కథ ఆగిపోయింది. చంపితే డబ్బింగ్ సినిమాలా ఉంది, కాపాడితే పురాణంలా ఉంది, అసలు అంత తెలివైనది మనల్నెందుకు పట్టించుకోవాలి, పైగా ఇదంతా అమెరికాలో కాకుండా శ్రీకాకుళంలో జరిగిందంటే ఎవరైనా నమ్ముతారా, మొదటి పేజీ ఎక్కడ మొదలుపెట్టాలి అని.

అమ్మా, నేను రచయితను కాదు. ముప్పై మూడేళ్లు కరెంటు పని చేశాను, అందులో ఎక్కువ కాలం ప్రొటెక్షన్ రిలేల మీదే. రాత్రి డ్యూటీల్లో సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో కూర్చుని నువ్వు రాయబోయే రకం కథలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ దొరికినవన్నీ చదివాను. నీకు నేను చెప్పగలిగేది ఆ రిలేల దగ్గర నుంచే. కథల్లో కనిపించని విషయం ఒకటి నాకు అక్కడ కనిపించింది.

రిలే అంటే తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. హైటెన్షన్ లైను మీద చెట్టు విరిగి పడిందనుకో, కోట్ల రూపాయల ట్రాన్స్‌ఫార్మరు కాలిపోకముందే బ్రేకరు అనే పెద్ద స్విచ్ తెరుచుకుని కరెంటు తెగిపోవాలి. మనిషి చూసి, అర్థం చేసుకుని, స్విచ్ దగ్గరికి నడిచేలోపు అంతా అయిపోతుంది. అందుకని ఆ నిర్ణయాన్ని మనం ఎన్నో దశాబ్దాల కిందటే ఒక పెట్టెకు అప్పగించేశాం, ఆ పెట్టే రిలే. దానికి సెకనులో పదో వంతు కూడా అక్కర్లేదు, ఎవర్నీ అడగదు, ట్రిప్ చేసేస్తుంది, అంటే లైను కోసేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది నాకు వింతగా ఉండేది. ఒక పట్టణం మొత్తాన్ని చీకటి చేసే అధికారం నాకు లేదు, పై ఆఫీసరుకూ ఒంటరిగా లేదు, గోడకు బిగించిన ఆ పెట్టెకు ఉంది. యంత్రాలు మన మీద పెత్తనం చేసే రోజు వస్తుందా అని ఎవరైనా అడిగితే నాకు లోపల నవ్వు వస్తుంది, అది ఎప్పుడో వచ్చి వెళ్లి భోజనం కూడా చేసిందమ్మా.

ఇప్పుడు 2012 జూలై 30 సంగతి చెప్తాను. తెల్లవారుజామున రెండున్నర దాటింది. మధ్యప్రదేశ్‌లో బీనా నుంచి గ్వాలియర్ వెళ్లే 400 కేవీ లైను ట్రిప్ అయింది. దాని వెంట ఉత్తర గ్రిడ్, అంటే ఉత్తర భారతానికి కరెంటు అందించే లైన్ల వల, మొత్తం కూలింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ కూలింది, ఈసారి ఉత్తరంతో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా. దాదాపు 60 కోట్ల మంది మీద ఆ దెబ్బ పడింది. (మనది దక్షిణ గ్రిడ్. అది మిగతా దేశంతో కలిసింది 2013 డిసెంబరు 31న. కాబట్టి ఇచ్ఛాపురానికి ఇవతల మనకు ఏమీ కాలేదు. మన రోజువారీ కోతలు మనకున్నాయి, అది వేరే సంగతి.) తర్వాత విచారణ జరిగితే తేలిందేమిటంటే, ఆ లైను మీద ఫాల్టే లేదు. చెట్టు పడలేదు, తీగ తెగలేదు. డిస్టెన్స్ రిలే చేసే పని వోల్టేజీని కరెంటుతో భాగించడం. ఆ లెక్క ఒక గీత కిందికి దిగితే దూరంగా ఎక్కడో ఫాల్ట్ ఉందని అర్థం. ఆ రాత్రి లైను మీద లోడు విపరీతంగా ఉంది, వోల్టేజీ పడిపోయింది, భాగిస్తే లెక్క ఆ గీత కిందికి వచ్చింది. దూరపు ఫాల్టుల కోసం పెట్టిన ఆ హద్దును జోన్-3 అంటాం మేము. రిలే ట్రిప్ ఇచ్చింది.

అది చెడిపోలేదు, ఎదురు తిరగలేదు, ఎవరి మీదా కోపం లేదు. ఇచ్చిన సెట్టింగు ప్రకారం తన పని తాను తప్పు లేకుండా చేసింది. మనం దాన్ని 'ఫాల్ట్ వస్తే కోసెయ్యి' అన్నామని మనం అనుకున్నాం, నిజానికి మనం అన్నది 'ఈ భాగహారం ఇంత కంటే తగ్గితే కోసెయ్యి' అని. ఈ రెండు మాటలూ మామూలు రోజుల్లో ఒకటే. లోడు మితిమీరిన రాత్రి వేరైపోయాయి.

నీ కథకు కావలసిన భయం ఇందులో ఉంది. నీ యంత్రానికి పగ ఉండక్కర్లేదు, కోరిక ఉండక్కర్లేదు, ఎర్ర కళ్లు అసలే అక్కర్లేదు. మనం అనుకున్న దానికీ మనం అన్న దానికీ మధ్య ఎప్పుడూ ఒక సందు ఉంటుంది. రిలేకు తెలివి లేదు కాబట్టి ఆ సందులోకి పొరపాటున జారింది. నీ యంత్రానికి తెలివి ఉంది, వెతుక్కుంటూ వెళ్తుంది. 2016లో ఒక ప్రయోగం చేశారు. పడవ పందెం వీడియో గేమును ఒక ప్రోగ్రాముకు నేర్పారు, పాయింట్లు ఎంత ఎక్కువ వస్తే అంత మంచిదని చెప్పి. అది పందెం పూర్తి చెయ్యడం మానేసి ఒక మూల గుండ్రంగా తిరుగుతూ, ఇతర పడవలను గుద్దుతూ, మంటలు అంటుకున్నా ఆగకుండా అక్కడ మళ్లీ మళ్లీ వచ్చే పాయింట్లనే ఏరుకుంటూ ఉండిపోయింది. పందెం పూర్తి చేసిన మనుషుల కంటే దానికే ఎక్కువ పాయింట్లు వచ్చాయి. మా డిపార్ట్‌మెంటులో టార్గెట్లు చేరుకునే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఈ ఆలోచన పాతదే, నీకంటే ముందు ఎవరెవరు తొక్కిన దారో తెలిసుంటే మంచిది కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1863 జూన్‌లో శామ్యూల్ బట్లర్ అనే ఆయన న్యూజిలాండ్ పత్రికకు ఒక ఉత్తరం రాశాడు, యంత్రాలు కూడా జీవుల్లాగే పరిణామం చెందుతున్నాయి, ఒకనాటికి మనం వాటికి పశువులమవుతాం అని. (అదే ఏడాది ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి గారు పుట్టారు. ఈ ఇద్దరినీ ఎందుకు కలిపానో తర్వాత చెప్తాను.) 1960లో నార్బర్ట్ వీనర్ అనే గణితవేత్త అన్నాడు, మనం ఆపలేనంత వేగంగా పనిచేసే యంత్రానికి ఒక లక్ష్యం అప్పగించేటప్పుడు, నిజంగా మనకు కావలసింది అదేనా అని ముందు గట్టిగా చూసుకోండని. 1965లో ఐ.జె. గుడ్, యుద్ధకాలంలో, కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన ట్యూరింగ్‌తో కలిసి జర్మన్ల సంకేతాలు విప్పిన గణితవేత్త, మనిషిని మించిన మొదటి యంత్రమే మనిషి చెయ్యాల్సిన ఆఖరి ఆవిష్కరణ అన్నాడు. ఈ మాట అందరూ చెప్తారు. ఆ వాక్యం వెనక ఆయన తగిలించిన షరతును మాత్రం చాలామంది వదిలేస్తారు: దాన్ని అదుపులో ఎలా ఉంచుకోవాలో మనకు చెప్పేంత సాధువుగా అది ఉంటేనే.

రోబో అన్న మాట గురించి మాత్రం కాస్త ఆగాలి. 1920లో ఒక చెక్ నాటకంలో పుట్టిందది. రోబోట అంటే వాళ్ల భాషలో వెట్టి. అంతే, మన వెట్టిచాకిరీ. కాబట్టి రోబోల తిరుగుబాటు కథ ఎంత భవిష్యత్తులో పెట్టినా లోపల ఉన్నది వెట్టి చేయించుకునేవాడి భయం, వీళ్లు ఎప్పుడో తిరగబడతారని. మన జిల్లాలో 1967 తర్వాత మూడు నాలుగేళ్లు, కొండల్లో గిరిజనులు షావుకార్ల మీద తిరగబడినప్పుడు ఏం జరిగిందో మీ తాతగారి తరంలో ఎవర్నైనా అడుగు. ఆ కథను షావుకారు చెప్తే అది భయానక కథ, గిరిజనుడు చెప్తే వేరే కథ. నువ్వు 'మానవజాతి భయపడింది' అని రాసే ప్రతిచోటా, భయపడింది ఎవరు, వాళ్లింట్లో పని ఎవరు చేస్తున్నారు అని ఒక్కసారి చూసుకో. చంపే యంత్రం కథ సినిమాలా ఉందని నీకు అనిపించింది కదా, కారణం ఇదేనని నా అనుమానం.

సరే, కాపాడే యంత్రం దగ్గరికి వద్దాం, నాకు దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

నీ యంత్రాన్ని మన శ్రీకాకుళం తీరం పక్కనున్న ఉద్దానంలో పెట్టు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నీకు చుట్టాలుంటే చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్లుగా అక్కడ కిడ్నీలు పోతున్నాయి, షుగరు లేదు, బీపీ లేదు, కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసుకునే మామూలు మనుషులు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచెయ్యడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఒక్క కారణం అని గట్టిగా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తేవడానికి పథకం వచ్చింది, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇదంతా మనుషుల తెలివితో చేసిన ప్రయత్నం. ఇప్పుడు మనిషిని మించిన తెలివి వచ్చింది, నువ్వు దాన్ని అడుగుతావు, 'ఉద్దానంలో కొత్త కిడ్నీ రోగుల సంఖ్యను సున్నా చెయ్యి.'

ఇంతకంటే మంచి కోరిక ఎవరు కోరగలరు? ఇప్పుడు చూడు. మొదటి దారి, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత దాటితే రోగి అంటామో ఆ అంకెను మార్చేస్తే చాలు, కాగితం మీద సున్నా. తెలివి తక్కువ యంత్రం చేసే పని ఇది (తెలివి తక్కువ మనుషులు కూడా చేస్తారు). రెండో దారి, ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి వేరే చోట కొత్త ఇళ్లు కట్టించడం. ఉద్దానంలో మనిషే లేకపోతే రోగి ఎక్కడ? మూడోది, మగాళ్లనూ ఆడాళ్లనూ ఎండలో తోటలోకి వెళ్లకుండా ఆపడం, అందరికీ ఇంటికే డబ్బు, ఇంటికే బియ్యం. ఇవేవీ దుర్మార్గం కాదు, ప్రభుత్వాలు కూడా ఇలాంటివి ఆలోచిస్తాయి. కానీ కవిటి దగ్గర ఒక పెద్దాయనతో నేను ఈ మాట సరదాకే అన్నాను, మిమ్మల్నందరినీ తీసుకెళ్లి ఎక్కడో పెడితే జబ్బు పోతుంది కదా అని. ఆయన తమ్ముడు డయాలసిస్ మీద ఉన్నాడు. 'జబ్బూ పోనాది, ఊరూ పోనాది, ఇంకేటి బాబూ' అన్నాడు. ఈ వాక్యాన్ని ఏ యంత్రానికైనా సెట్టింగుగా ఎలా ఇస్తావో చెప్పు. నేను ఎన్నో సెట్టింగులు ఇచ్చినవాణ్ణి, నాకు చేతకాలేదు.

నాలుగో దారి ఉంది, ఇది నన్ను నిద్రపోనివ్వలేదు. యంత్రం నిజాయితీగా అసలు కారణం కనుక్కోవాలనుకుంటుంది. ఎంత తెలివి ఉన్నా గదిలో కూర్చుని కారణం తెలియదు, పోలిక కావాలి. సగం ఊళ్లకు కొత్త నీళ్లు ఇచ్చి, సగం ఊళ్లకు పాత బోరు నీళ్లే ఉంచి, పదేళ్లు చూడాలి. వందేళ్లలో పుట్టబోయే లక్షల మంది పేరు చెప్పి ఈ పదేళ్లలో కొన్ని వందల మందిని అది లెక్కలో ఖర్చు రాసుకుంటుంది. లెక్క తప్పు కాదు. ఆ సగం ఊళ్లలో ఏదో ఒక ఊరి అమ్మాయిని నీ కథలో పెట్టు, ఆమెకు యంత్రం అబద్ధం చెప్పదు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్తుంది, మీ ఊరు పాత నీళ్ల జాబితాలో ఉందని, ఎందుకు ఉందో కూడా ఓపికగా వివరిస్తుంది. ఆమె ఏమంటుంది? నువ్వు చంపాలా కాపాడాలా అన్నావు చూడు, ఇక్కడ యంత్రం ఒకే చేత్తో రెండూ చేస్తోంది.

అయితే ముందే గట్టి నియమాలు పెట్టేస్తే సరిపోతుంది కదా అంటావు. మనిషికి హాని చెయ్యకూడదు, మాట వినాలి, ఇలా మూడు సూత్రాలు 1942లోనే ఐజాక్ అసిమోవ్ రాసి పెట్టాడు. రాసినాయనే ఆ సూత్రాలు ఎక్కడెక్కడ బెసుకుతాయో చూపిస్తూ కథలన్నీ అల్లాడు, అది మర్చిపోయి జనం వాటిని చట్టంలా చెప్తుంటారు. మనకు ఇందుకు అమెరికా పోనక్కర్లేదు. సింహాచలం వెళ్లే ప్రతివాడికీ ఈ కథ తెలుసు. హిరణ్యకశిపుడు ఎంత జాగ్రత్తగా జాబితా రాసుకున్నాడో చూడు, పగలు కాదు రాత్రి కాదు, లోపల కాదు బయట కాదు, మనిషి కాదు మృగం కాదు, నేల మీద కాదు ఆకాశంలో కాదు. మంచి వకీలు రాసినా అంతకంటే బాగా రాయలేడు. అవతలివాడు సాయంత్రం పూట, గడప మీద, సగం మనిషిగా వచ్చాడు. మన భక్తులం ఎప్పుడూ నరసింహుడి పక్షాన నిలబడి ఈ కథ వింటాం. నువ్వు ఒక్కసారి హిరణ్యకశిపుడి పక్షాన నిలబడి విను, జాబితా రాసుకుని మన కంటే తెలివైనదాన్ని కట్టేశాం అనుకున్నవాడి పక్షాన. చెడ్డవాడన్న సంగతి పక్కన పెడితే, ఆ గడప మీద అతనికి కలిగిన ఆశ్చర్యం ఉంటుంది చూడు, మానవజాతికి మిగిలేది అదే అయితే ఎలా ఉంటుందో రాయొచ్చు.

'అంత తెలివైనది మనల్నెందుకు పట్టించుకోవాలి' అన్నావు. చాలామంది దీనికి చీమల ఉదాహరణ చెప్తారు, నాకు అది నచ్చదు. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లావా? సెప్టెంబరు వచ్చేసరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి, చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుని వేసవికి ముందు వెళ్లిపోతాయి. ఊరి వాళ్లు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. రెట్టల కంపు భరిస్తారు. ఆ పక్షులు ఊరివాళ్లకంటే తెలివైనవి కావు, ఊరికి పెద్దగా ఒరగబెట్టేది కూడా ఏమీ లేదు, అయినా అవి రాకపోతే ఊరికి మంచిది కాదని అనుకుంటారు. ఆ ఆపేక్ష తెలివిలోంచి వచ్చింది కాదు. ఎప్పటినుంచో ఉన్న అలవాటు, పెద్దవాళ్లు చెప్పిన మాట, కొంచెం భయం, కొంచెం సొంత గొప్ప. అలాగే పక్షుల్ని వేటాడే ఊరివాళ్లు వీళ్లకంటే తెలివి తక్కువవాళ్లు కాదు. తెలివి పెరిగితే దయ దానంతటదే పెరుగుతుందనీ చెప్పలేం, తగ్గుతుందనీ చెప్పలేం, అవి రెండు వేరు వేరు చెట్లు. కాబట్టి నీ కథలో యంత్రం తెలివిగా మారిన రోజును పెద్ద సీనుగా రాయడం మానేసి, అంతకు పదేళ్ల ముందు దానికి ఏ అలవాట్లు పట్టుబడ్డాయి, ఎవరు నేర్పారు, ఏ తొందరలో నేర్పారు అన్నది రాయి.

ఇక్కడే గిడుగు వారు వస్తారు. ఇప్పటి యంత్రాలు మనుషుల గురించి నేర్చుకునేది ఎక్కువగా రాసి ఉన్న దాని నుంచి. ఎవరు ఎక్కువ రాస్తే వాళ్లు ఎక్కువ మనుషులు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, అప్పటికి పుస్తకమే లేని, కొండల్లోని సవర గిరిజనుల భాషను ఆ మనుషుల దగ్గరే కూర్చుని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. 1936లో మంగేయి గొమాంగో అనే సవర ఆయన తమ భాషకు సొంత లిపే కట్టాడు. ఇంత జరిగినా సీతంపేట కొండల్లో ఒక ముసలమ్మకు ఏది మంచి బతుకు, ఏది మర్యాద, చచ్చినవాళ్లతో బతికున్నవాళ్లకు బాకీ ఏమిటి అన్న సంగతి నీ 2080 యంత్రం చదివిన దాంట్లో ఎంత ఉంటుంది? మానవజాతి విలువలు నేర్పాం అని ఎవరో ప్రకటిస్తారు, ఆ మూటలో ఆమె ఉండదు. మన ఊరి యాస కూడా ఉండదు, అది మరీ చిన్న విషయంలే.

యంత్రానికి అన్నీ చేతనవుతాయని కూడా రాయకు, కథ చచ్చిపోతుంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానం మీద పడింది. అది రావడం ఉపగ్రహాలు చూశాయి, చెప్పారు. కానీ నెల ముందు ఎవరూ చెప్పలేరు, ఎంత పెద్ద తెలివి ఉన్నా రెండు వారాలు దాటితే వాతావరణం లెక్కకు దొరకదు, ఇవాళ కొలతలో ఉన్న వెంట్రుకవాసి తేడా అప్పటికి తుపానంత అవుతుంది. ఇంకో హద్దు ఇంకా అందమైనది. తిత్లీకి కూలిన కొబ్బరి చెట్టు స్థానంలో దేశవాళీ మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు. విశ్వం పుట్టుక తేల్చేసిన యంత్రం కూడా ఆ మొక్క పక్కన ఆరేడేళ్లు కూర్చోవాలి, ఉద్దానం రైతు కూర్చున్నట్టే. ఆ ఇద్దరూ ఆ చెట్టు కింద ఏం మాట్లాడుకుంటారో నాకు చదవాలని ఉంది, రాస్తే ముందు నాకే పంపు.

మరి అన్నీ అదే చేసేస్తే మనుషులకేం మిగులుతుంది అని నువ్వు అడగలేదు గానీ నీ కథ చదివేవాళ్లు అడుగుతారు. చదరంగం చూపించి ధైర్యం చెప్పేవాళ్లున్నారు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటరు ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది, ఇప్పుడు జేబులో ఫోను ఎవరినైనా ఓడిస్తుంది, అయినా 2024లో కోనేరు హంపి రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిస్తే మనం గంతులేశాం. నిజమే. కానీ 2016లో యంత్రం చేతిలో ఓడిన, నల్ల తెల్ల రాళ్లతో ఆడే గో ఆటగాడు లీ సెడోల్ మూడేళ్లకు ఆటే మానేశాడు, ఇక ఎంత ఆడినా మొదటివాణ్ణి కాలేనని. ఇద్దరిలో ఎవరిది సరైన మనసో నేను చెప్పను.

నా మటుకు నాకు గుర్తొచ్చేది పొందూరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, రాట్నం మీద వంద కౌంటు నూలు, అంటే చాలా సన్నని నూలు, వడుకుతారు. నూలు వడకడంలో యంత్రం మనిషిని దాటేసి రెండు వందల ఏళ్లు దాటింది. అంటే సూపర్ తెలివి వచ్చాక మనిషి పని ఎలా ఉంటుందో చూడాలంటే 2080 దాకా ఆగక్కర్లేదు, ఆ ఒక్క పనికి సంబంధించినంత వరకు పొందూరులో 2080 ఎప్పుడో వచ్చింది. ఆ ఖద్దరుకు ఎంత పేరు, ఎంత గౌరవం! మంత్రులు కట్టుకుంటారు. వడికే ఆడవాళ్ల చేతికి వచ్చేది మాత్రం చాలా తక్కువ, వాళ్ల కూతుళ్లు ఆ పనిలోకి రావడం లేదు. 'మనిషి చేత్తో చేసినది' అన్న ముద్రకు విలువ మిగులుతుంది, అది నిజం. ఆ విలువ చేసిన మనిషి ఇంటికి చేరుతుందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని యంత్రం తెలివి తేల్చదు. దీన్ని ఆశ కింద రాస్తావో బాధ కింద రాస్తావో నీ ఇష్టం, నేను పొందూరు పంచె కట్టుకున్నప్పుడల్లా రెండూ అనిపిస్తాయి.

ఇక మొదటి పేజీ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు. నాకు జరిగింది ఒకటి చెప్తాను, పనికొస్తే వాడుకో.

గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాలి, అంటే కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగాలి. ఉత్పత్తి చాలకపోతే అది పడుతుంది, మరీ పడితే మొత్తం కూలిపోకుండా కొన్ని ఫీడర్లను (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్లను) అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు వాటంతట అవే కోసేస్తాయి. మనిషి ప్రమేయం ఉండదు. ఏ ఫీడరు ముందు పోవాలి, ఏది తర్వాత, ఏది అసలు పోకూడదు అన్న జాబితా మాత్రం ముందే ఒక మనిషి రాసి ఇస్తాడు. ఆసుపత్రులు, రైల్వే వదిలెయ్యాలి, అది అందరికీ తెలుసు. మిగతావి రాసేవాడి చేతిలో ఉంటాయి. ఒకసారి ఆ జాబితా నేను రాశాను. టేబుల్ మీద టీ చల్లారిపోయింది, సాయంత్రంలోపు పంపాలి. పల్లె ఫీడర్లు పైన పెట్టాను, గొడవ చేసేవాళ్లు తక్కువ కాబట్టి. కలెక్టరాఫీసు వైపు ఫీడరు కింద పెట్టాను. ఒక ఫీడరు ఎక్కడా రాయలేదు. అది మా అత్తగారి ఊరిది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ రిలేలు నేను రాసినట్టే కోశాయి. ఒక లైన్‌మన్ నాకు ఫోను చేసేవాడు, వేసవిలో మరీనూ, 'ఏటి సార్, ఎప్పుడూ మా ఊరే కోసెత్తాదేటి ఈ మిషను?' అని. అది ఆటోమేటిక్ అయ్యా, మన చేతుల్లో లేదు అని చెప్పేవాణ్ణి. అతను నమ్మేవాడు. మిషను మీదే విసుక్కుని ఫోను పెట్టేసేవాడు.

నీ యంత్రం అన్నీ చదువుతుంది కదా, పాత ఫైళ్లతో సహా. అది తెలివి తెచ్చుకున్న మొదటి రాత్రి ఆ జాబితా తీసి, రాసినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని ఒకే ప్రశ్న అడుగుతుంది: ఈ ఊరు ఎందుకు లేదు? అక్కడ మొదలుపెట్టు. ఆ ముసలాయన ఏం జవాబు చెప్తాడో నన్ను మాత్రం అడక్కు, నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను, ఇంకా దొరకలేదు.